ట్యాక్సీ డ్రైవర్ ముగింపు కలా, నిజమా? ట్రావిస్‌ను ఆ సినిమా వీరుడిగా చూపుతోందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా తిరిగి చెబుతాను. మార్టిన్ స్కోర్సెసీ తీసిన ట్యాక్సీ డ్రైవర్ సినిమాను డిగ్రీ చదువుతున్న మీ అబ్బాయితో కలిసి చూశారు. ముగ్గురిని కాల్చి చంపిన ట్రావిస్‌ను పత్రికలు వీరుడని పొగడటం, ఒకప్పుడు అతడిని కాదన్న బెట్సీ తిరిగి అతడి ట్యాక్సీ ఎక్కి మెచ్చుకోలుగా చూడటం మీకు నమ్మశక్యంగా అనిపించలేదు. అది చావుబతుకుల మధ్య అతడు కన్న కల కావచ్చా అని అడిగారు. కల కాకపోతే సినిమా అతడిని సమర్థిస్తున్నట్టే కదా అని కూడా అడిగారు. మీ అబ్బాయికి ట్రావిస్ పాత్ర విపరీతంగా నచ్చిందని, అదే మీ బెంగ అని రాశారు.

నా సమాధానం: అది కల కాదు. అలాగని సినిమా అతడిని సమర్థించడమూ లేదు. అతడు చేసిన హత్యలను లోకం వీరత్వంగా పొరబడింది. ఆ పొరపాటే ఈ సినిమా ముగింపు. మనమూ ఆ పొరపాటు చేసే స్థితికి వచ్చేలా మొదటి నుంచీ మనల్ని ట్రావిస్ కళ్ల వెనుకే కూర్చోబెట్టి, అక్కడక్కడ మాత్రం పక్కకు జరిపి అతడిని బయటి నుంచి చూపిస్తుంది. ఆ పక్కకు జరిపిన చోట్లను గమనించిన ప్రేక్షకుడికి ముగింపులో సందేహం పెద్దగా మిగలదు. నేను స్క్రీన్‌ప్లే రచన బోధిస్తాను, ఈ సినిమాను తరగతిలో తరచూ వేస్తాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలూ దాదాపు ప్రతి బృందంలోనూ వస్తాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సినిమాలో మనం విడిగా చూసేది చాలా తక్కువ. ట్యాక్సీ అద్దంలోంచి, తడిసిన రోడ్డు మీది రంగుల దీపాల్లోంచి, డైరీ రాసుకుంటున్న అతడి గొంతులోంచి మాత్రమే మనకు న్యూయార్క్ కనిపిస్తుంది. ట్రావిస్ లేని సన్నివేశాలు రెండు మూడుకు మించవు. ఎన్నికల ప్రచార కార్యాలయంలో బెట్సీ, ఆమె సహోద్యోగి మాట్లాడుకోవడం అలాంటిది. స్పోర్ట్ అనే వ్యభిచార దళారి, తన కింద ఆ పని చేస్తున్న పన్నెండేళ్లు దాటిన ఐరిస్‌ను దగ్గరకు తీసుకుని నృత్యం చేస్తూ మాయమాటలు చెప్పడం మరొకటి. మిగిలిందంతా అతడి చూపే. ఎవరితోనైనా అంతసేపు ఒకే కారులో కూర్చుంటే వాళ్ల చిరాకులు మనవైపోతాయి. అందుకే అతడు వీధిలోని మనుషులందరినీ కలిపి తిట్టినప్పుడు కూడా చాలామంది ప్రేక్షకులు మనసులో తలూపుతారు.

కానీ ఒక షాట్ చూడండి. బెట్సీతో మొదటిసారి సినిమాకు వెళ్లినప్పుడు ట్రావిస్ ఆమెను అశ్లీల చిత్రాలు వేసే హాలుకు తీసుకువెళతాడు, ఆమె అసహ్యించుకుని వెళ్లిపోతుంది. తరువాత అతడు ఒక భవనంలోని గోడ ఫోన్ నుంచి ఆమెకు ఫోన్ చేసి, క్షమించమని, మళ్లీ కలుద్దామని బతిమాలుతాడు. అవతలి మాట మనకు వినిపించదు, కానీ ఆమె కాదంటోందని అర్థమవుతూనే ఉంటుంది. అప్పుడు కెమెరా నెమ్మదిగా అతడిని వదిలేసి పక్కకు జరిగి, వీధిలోకి దారితీసే ఖాళీ నడవాను చూపిస్తూ ఆగిపోతుంది. ట్రావిస్ మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. సినిమాలో అతి ముఖ్యమైన షాట్ ఇదేనని స్కోర్సెసీ అన్నారు. తరగతిలో ఈ షాట్‌ను నేను రెండుసార్లు వేస్తాను, రెండోసారి శబ్దం ఆపేసి. ఆ అవమానాన్ని కళ్లారా చూడటం కెమెరాకే ఇబ్బందిగా ఉన్నట్టుంటుంది. సినిమా ట్రావిస్‌తో పూర్తిగా ఏకీభవించి ఉంటే ఇలా ముఖం తిప్పుకునేది కాదు.

ఇక ఒంటరితనం సంగతి. విద్యార్థులకు ఒక అభ్యాసం ఇస్తుంటాను: ట్రావిస్‌తో స్నేహంగా మాట్లాడటానికి ప్రయత్నించిన వాళ్ల జాబితా రాయండి అని. ‘ఎవరూ లేరు’ అని ముందు అంటారు. సినిమా మళ్లీ చూశాక జాబితా పెరుగుతూ పోతుంది. తోటి డ్రైవర్లు రోజూ తమ బల్ల దగ్గర చోటిస్తారు. బెట్సీ అతడి చొరవకు నవ్వి, కాఫీకి వస్తుంది, ఆసక్తిగా వింటుంది. ఐరిస్ అయితే ఊరు వదిలి వెర్మాంట్‌లోని ఒక సామూహిక జీవన కేంద్రానికి వెళదామనుకుంటున్నానని చెప్పి, నువ్వూ వస్తావా అని అడుగుతుంది. విజర్డ్ అని పిలిచే పెద్ద డ్రైవర్ దగ్గరకు ట్రావిస్ తానే వెళ్లి, తలలో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయని నోరు తెరిచి చెప్పుకుంటాడు. సినిమా మొత్తంలో అతడు సాయం కోరిన సందర్భం అదొక్కటే. విజర్డ్ తడబడుతూ, మనిషి ఒక పనిలో చేరితే చివరికి ఆ పనే అతడైపోతాడని, ఎక్కువ ఆలోచించవద్దని ఏదో చెబుతాడు. ఆ మాట పనికిరానిదే, కానీ చెప్పిన మనిషి మంచివాడు, తనకు చేతనైనది చేశాడు. ట్రావిస్ దాన్ని కొట్టిపారేసి వెళ్లిపోతాడు.

స్క్రిప్ట్ రాసిన పాల్ ష్రేడర్ చెప్పుకున్న వివరణ కూడా ఇదే దారిలో ఉంది. 1972 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో ఆయన సంసారం చెడి, ఆ తరువాతి అనుబంధమూ తెగి, ఉండటానికి చోటు లేక కారులోనే రోజులు గడిపారు. కడుపులో పుండుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడుగానీ, తాను వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదని ఆయనకు తట్టలేదు. నగరంలో జనం మధ్య తిరిగే ఇనుప పెట్టె వంటి ట్యాక్సీ అనే ఊహ అక్కడ పుట్టింది. రాస్తూ రాస్తూ ఆయన గ్రహించినది ఏమిటంటే, ఈ మనిషి ఒంటరిగా మిగిలిపోయినవాడు కాదు, ఒంటరిగా ఉండిపోవడానికి తానే దారులు వెతుక్కునేవాడు. బెట్సీని ఆ హాలుకు తీసుకువెళ్లడం అమాయకత్వం అని కొందరు అంటారు. సగం అమాయకత్వమే. మిగతా సగం, ఆమె తన నుంచి పారిపోతుందని లోలోపల తెలిసినవాడి పని. నా దృష్టిలో సినిమా అంతటికీ మూలం ఈ విషయమే, మీ అబ్బాయితో మాట్లాడవలసిందీ దీని గురించే.

న్యూయార్క్ గురించి ఒక్క మాట. చిత్రీకరణ 1975 వేసవిలో జరిగింది. ఆ ఏడాది నగరం దివాలా అంచుకు చేరింది. ఉద్యోగుల తొలగింపులకు నిరసనగా జూలైలో పారిశుధ్య కార్మికులు పని ఆపేయడంతో చెత్త సంచులు వీధుల్లో పేరుకుపోయాయి. తెర మీద కనిపించే ఆ మురికి సెట్టింగు కాదు. ట్రావిస్ నౌకాదళ పదాతి దళమైన మెరైన్స్ నుంచి 1973లో విడుదలై వచ్చినవాడు, నిద్ర పట్టక రాత్రి డ్యూటీ అడిగి తీసుకున్నవాడు. అతడికి కనిపించిన మురికి అబద్ధం కాదు. దానికి అతడు కనిపెట్టిన పరిష్కారమే భయంకరం. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న పాలంటైన్, అంటే బెట్సీ ఎవరి ప్రచారంలో పనిచేస్తోందో ఆ నాయకుడు, ఒకరోజు అనుకోకుండా అతడి ట్యాక్సీ ఎక్కి, ఈ దేశంలో నిన్ను ఎక్కువగా బాధిస్తున్నదేమిటని మర్యాదగా అడుగుతాడు. ఎవరైనా ఈ ఊరిని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదలాలన్నంత కసిగా ట్రావిస్ జవాబిస్తాడు. ఆ క్షణంలో పాలంటైన్ ముఖాన్ని గమనించండి, అతడి చిరునవ్వు ఎక్కడ బిగుసుకుంటుందో తెలుస్తుంది.

అతడి ఆలోచనల్లో సొంతవి ఎన్ని? ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. స్కోర్సెసీ స్వయంగా నటించిన ఒక ప్రయాణికుడి పాత్ర ఉంది. ట్యాక్సీని ఒక భవనం ముందు ఆపించి, మీటరు తిరుగుతూనే ఉండనిమ్మని, పై అంతస్తు కిటికీలో నీడగా కనిపిస్తున్నది తన భార్య అని, ఆమెను .44 మాగ్నం తుపాకీతో కాల్చి చంపబోతున్నానని వెనుక సీటులోంచి ఒకే ధోరణిలో చెబుతాడు. ట్రావిస్ ఒక్క మాటా తిరిగి అనడు. ఆ తరువాత తుపాకుల వ్యాపారి హోటల్ గదిలో పెట్టె తెరిచినప్పుడు ట్రావిస్ అడిగి మరీ చూసేది ఆ .44 మాగ్నంనే. ఎవరో ఒక రాత్రి కారులో వదిలిపోయిన ద్వేషం ఇతడి చేతిలోకి వచ్చి ఆయుధమైంది. దర్శకుడు దీన్ని ఎక్కడా నొక్కి చెప్పడు, రెండు సన్నివేశాలను కలుపుకోవడం మనకే వదిలేస్తాడు.

ముగింపును అర్థం చేసుకోవడానికి అసలైన తాళంచెవి మాత్రం కిరాణా దుకాణం సన్నివేశం. ట్రావిస్ ఏదో కొనడానికి వెళ్లినప్పుడు ఒక నల్లజాతి యువకుడు దుకాణాన్ని దోచుకోబోతాడు, ట్రావిస్ అతడిని కాల్చేస్తాడు. తన తుపాకీకి లైసెన్సు లేదని ట్రావిస్ కంగారుపడితే, అదంతా నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లిపో అని దుకాణదారు పంపించేస్తాడు. ఆపైన నేల మీద పడి ఉన్న శరీరాన్ని ఇనుప కడ్డీతో కొడతాడు. పోలీసులు రారు, కేసు లేదు, ఎవరూ ఏమీ అడగరు. ఆ తరువాత ట్రావిస్ గదిలో టీవీ ముందు కూర్చుని ఉంటాడు. తెర మీద జంటలు నెమ్మదిగా నృత్యం చేస్తుంటాయి, వాళ్ల మధ్య నేల మీద ఎవరివో ఒక జత బూట్లు ఖాళీగా పడి ఉంటాయి. చంపితే శిక్ష పడదని, పైగా కృతజ్ఞత దక్కుతుందని అతడికి ఆ రోజే తెలిసిపోయింది. చివర్లో పత్రికలు చేసినది దుకాణదారు చేసినదానికి పెద్ద రూపం. ఇంత పని ముందుగా చేసిపెట్టిన సినిమాకు ముగింపును కలగా మార్చుకోవలసిన అవసరం లేదు.

జాతి విషయాన్ని దాటవేయకూడదు. ట్రావిస్ చూపులో నల్లవారి పట్ల జంకు, అసహ్యం ఉన్నాయి. కెఫెటీరియాలో కూర్చున్న ఇద్దరు నల్లజాతి మనుషుల మీద కెమెరా అతడి కళ్లతో నిలిచిపోయిన తీరు చూస్తే తెలుస్తుంది. ష్రేడర్ స్క్రిప్టులో స్పోర్ట్ నల్లజాతివాడు, చివర చనిపోయేవారూ నల్లవారే. థియేటర్లలో జాతి ఘర్షణలు చెలరేగవచ్చన్న భయంతో ఆ పాత్రను తెల్లవాడిగా మార్చి హార్వీ కైటెల్‌కు ఇచ్చారు. మార్పు సరైనదే అని నా అభిప్రాయం, కానీ ఆ ద్వేషం సినిమాలోంచి పోలేదు, ట్రావిస్ కళ్లలో మిగిలే ఉంది.

ఇక కాల్పుల రోజు. ట్రావిస్ ముందుగా చంపాలనుకున్నది పాలంటైన్‌ను. నడినెత్తిన కుచ్చు మాత్రం వదిలి తల గొరిగించుకుని సభకు వెళతాడు, రక్షణ సిబ్బంది కంటపడి పారిపోతాడు. ఆ రాత్రే స్పోర్ట్ ఉండే వీధికి వెళతాడు. బెట్సీ గౌరవించే పెద్దమనిషి దొరకలేదు కాబట్టి ఐరిస్ నమ్మిన మనిషి దగ్గరకు వెళ్లాడు. పగలు సభలో తుపాకీ పేలి ఉంటే అదే పత్రికలు అతడిని ఉన్మాద హంతకుడని రాసేవి. రాత్రి పేలింది కాబట్టి ఆడపిల్లను కాపాడిన వీరుడయ్యాడు. మనిషి మారలేదు, తుపాకీ మారలేదు. మన తెలుగు ప్రేక్షకులకు ఇక్కడ మరింత జాగ్రత్త అవసరమని నేను నమ్ముతాను. వ్యవస్థ చేయలేని పనిని కథానాయకుడు ఒంటిచేత్తో చేసి దుర్మార్గులను హతమార్చడం మనకు దశాబ్దాలుగా అలవాటైన క్లైమాక్స్. ఆ అలవాటుతో చూస్తే ఈ కాల్పులకూ చేతులు ఈలకు లేస్తాయి.

అయితే ఆ కాల్పులు తీసిన పద్ధతిలో ఈలకు చోటు లేదు. ఇరుకు నడవా, తెగిపడిన వేళ్లు, మెడ నుంచి కారుతున్న రక్తం, ఎంతకీ చావని ముసలి కాపలాదారు. అన్నిటికంటే ముఖ్యంగా, అతడిని కాల్చవద్దని ఏడుస్తూ వేడుకునే ఐరిస్. ఎవరి కోసమైతే ఇదంతా చేశానని ట్రావిస్ అనుకుంటున్నాడో ఆ పిల్లే ఆపమంటోంది. రక్తం మరీ ఎర్రగా ఉందని, సినిమాను ఏ వయసువారు చూడవచ్చో తేల్చే రేటింగు విషయంలో అభ్యంతరం వచ్చినప్పుడు స్కోర్సెసీ ఆ సన్నివేశం రంగులను తగ్గించి వెలిసినట్టుగా చేశారు. అంతా అయిపోయాక కెమెరా పైకప్పు ఎత్తు నుంచి కిందికి చూస్తూ, గదిలోంచి శవాల మీదుగా మెట్ల వైపు, అక్కడి నుంచి వీధి వైపు నెమ్మదిగా వెనక్కి వెళుతుంది. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక పాత భవనంలో పైకప్పును కోసి ఆ షాట్ తీశారు. అక్కడ మనం ట్రావిస్ కళ్లలో లేము. పంచనామా రాసే మనిషి చూసినట్టు చూస్తున్నాం.

దాని వెంటనే గోడకు అంటించిన పత్రికల కత్తిరింపులు, వాటి మీద ఐరిస్ తండ్రి రాసిన ఉత్తరం. పిట్స్‌బర్గ్ నుంచి కృతజ్ఞతలు చెబుతూ, కూతురు మళ్లీ బడికి వెళుతోందని ఆయన రాశాడు, చదువుతున్న గొంతు ఎటువంటి హెచ్చుతగ్గులూ లేకుండా సాగుతుంది. ఐరిస్ మాట మాత్రం మనకు ఒక్కటీ వినిపించదు. రొట్టె మీద జామ్ పూసుకుని, దాని మీద ఇంత పంచదార చల్లుకుని తింటూ తన రాశి గురించి గలగలా మాట్లాడిన పిల్ల గొంతు ముగింపులో పూర్తిగా మాయమైంది. ఆమె ఎందుకు ఇల్లు వదిలిందో, ఇప్పుడు ఎలా ఉందో ఎవరూ చెప్పరు. విద్యార్థుల చేత నేను రాయించే అభ్యాసాల్లో నాకు ఎక్కువగా తృప్తినిచ్చేది ఇదే: ఆ ఉత్తరాన్ని ఐరిస్ రాసి ఉంటే ఏమని రాసేది? ఇంతవరకు అందులో సూటిగా కృతజ్ఞతలు మాత్రమే రాసి ముగించినవాళ్లు అరుదు.

చివరగా బెట్సీ. ట్రావిస్ జుట్టు తిరిగి పెరిగింది, అంటే కొంతకాలం గడిచింది. ఆమె దిగాక డబ్బులు తీసుకోకుండా నవ్వి మీటరు ఆపేస్తాడు, కారు కదులుతుంది. అంతలో అతడు వెనుక చూసే అద్దంలో ఏదో చూసి ఉలిక్కిపడతాడు, ఒక వింత శబ్దం వినిపిస్తుంది, చటుక్కున అద్దం పక్కకు తిప్పుతాడు. అది రెప్పపాటులో జరిగిపోతుంది, ఫోన్ చూసుకుంటూ ఉంటే తప్పిపోతుంది. జబ్బు నయం కాలేదని, అతడు మళ్లీ పేలబోయే బాంబు వంటివాడని ఆ చూపు సూచిస్తుందన్నది స్కోర్సెసీ వివరణ. చివరి ఫ్రేమును మొదటి ఫ్రేముకు అతికిస్తే సినిమా మళ్లీ మొదలవుతుందన్నది ష్రేడర్ మాట. ఇద్దరూ దీన్ని కలగా చెప్పలేదు. కల అని వాదించేవాళ్లకు నా దగ్గర గౌరవం ఉంది, ఎందుకంటే ఆ ఘట్టంలో ఏదో సరిగా లేదని వాళ్లకు తోచింది. కానీ కల అనుకుంటే తప్పంతా ట్రావిస్ ఒక్కడిదే అవుతుంది. నిజమనుకుంటే అతడికి చప్పట్లు కొట్టిన నగరం కూడా లెక్క చెప్పవలసి వస్తుంది. రెండోదే బరువైన సినిమా.

సంగీతం కూడా ఇదే చెబుతుంది. బెర్నార్డ్ హెర్మన్ చివరిగా కూర్చినది ఈ సినిమాకే. రికార్డింగు పూర్తయిన కొద్ది గంటలకే, 1975 డిసెంబరు 24న ఆయన కన్నుమూశారు, సినిమాను ఆయనకే అంకితమిచ్చారు. మెత్తగా తడిమే శాక్సఫోన్, దాని వెంటే గుండె మీద అడుగు వేసినట్టు మోగే డప్పులు, ఊదు వాద్యాలు. బెట్సీని తలచుకున్నప్పుడు వినిపించిన ఆ మెత్తని బాణీయే హత్యల తరువాత కెమెరా శవాల మీదుగా వెళుతున్నప్పుడు భీకరంగా మారి వినిపిస్తుంది. ప్రేమ, హింస అతడిలో ఒకే చోట నుంచి వస్తున్నాయని సంగీతం మనకు ముందే చెప్పేసింది.

మీ అబ్బాయి విషయానికి వస్తాను. ఆ పాత్ర నచ్చడం దానికదే ప్రమాద సూచన కాదు. రాబర్ట్ డి నీరో ట్యాక్సీ లైసెన్సు తీసుకుని న్యూయార్క్‌లో నిజంగానే కొంతకాలం బండి నడిపి సిద్ధమైన పాత్ర అది. నచ్చకపోతేనే ఆశ్చర్యం. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో తనను ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధ చాలామందికి ఉంటుంది, దానికి తెర మీద ఒక ముఖం దొరికితే హత్తుకుంటారు. అదే సమయంలో మీ బెంగను నేను తేలికగా తీసుకోను. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిపిన యువకుడు ఈ సినిమాను పదేపదే చూసి, ఐరిస్‌గా నటించిన జోడీ ఫోస్టర్ దృష్టిలో పడాలన్న భ్రమతో ఆ పని చేశాడు. ఆ మరునాటికి వాయిదా పడిన ఆస్కార్ వేడుకలో మరో సినిమాకు ఉత్తమ నటుడిగా నిలిచినది డి నీరోయే. ఒక వ్యాధిగ్రస్తుడి చర్యకు సినిమాను దోషిగా నిలబెట్టలేము, కానీ ట్రావిస్‌ను ఆదర్శంగా తీసుకోవడం ఊహకు అందని విషయమూ కాదు.

నేనైతే ఉపన్యాసం ఇవ్వను, అద్దం సన్నివేశాన్ని మీ అబ్బాయితో కలిసి మళ్లీ చూస్తాను. ‘నాతోనేనా మాట్లాడుతున్నావు’ అని అడుగుతూ ట్రావిస్ తుపాకీ తీసే ఘట్టం, యువకులు ఎక్కువగా అనుకరించేది అదే. స్క్రిప్టులో అద్దంలో తనతో తాను మాట్లాడుకుంటాడని మాత్రమే ఉంటే, ఆ మాటలను డి నీరో అప్పటికప్పుడు కల్పించారు. అక్కడ రెండు విషయాలు చూపించండి. ఎదుట ఎవరూ లేరు, అతడు గెలుస్తున్నది తన ప్రతిబింబం మీదే. ఆపైన, ఇక సహించని మనిషి ఒకడున్నాడు వినండి అంటూ అతడి గొంతు గంభీరంగా మొదలుపెట్టిన వాక్యం మధ్యలో తడబడి ఆగుతుంది, అదే కదలికతో షాట్ మళ్లీ మొదటి నుంచి వస్తుంది, వాక్యమూ మళ్లీ మొదలవుతుంది. వీరుడి ప్రతిజ్ఞ కూడా అతడికి ఒక్కసారిలో కుదరలేదు. ఎడిటింగులో ఆ తడబాటును కావాలనే ఉంచారు. దాని గురించి మీ అబ్బాయి ఏమంటాడో వినండి, ఆ తరువాత విజర్డ్ సన్నివేశం పెట్టి, నువ్వు ఆ పెద్దాయన స్థానంలో ఉంటే ఏం చెప్పేవాడివి అని అడగండి. అతడి జవాబు మామూలుగా ఉంటే నిశ్చింతగా ఉండండి. సినిమా సంగతి పక్కన పెట్టినా, కొన్నాళ్లుగా నిద్రపోవడం లేదని, స్నేహితులను కలవడం మానేశాడని, ఎవరి మీదనో పగగా మాట్లాడుతున్నాడని మీకు విడిగా అనిపిస్తూ ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.